బాతుల పెంపకమున వాడు మాటలు

మన డెల్టా గ్రామములలో బాతు క్రొత్త పక్షి కాదు. సార్వా కోతలు ముగిసిన వెంటనే చేలలో బాతుల మందలు దిగుటయు, అవి రాలిన గింజను పరిగె ఏరుటయు, బోదెలలోని నత్తలను వెదకి తినుటయు మన మందఱము చిన్ననాటి నుండి చూచుచున్నదే. అయినను బాతులను చూచుట వేఱు, బాతులను కొని, మేపి, లెక్క వ్రాసి లాభము తీయుట వేఱు. ఇటీవల మన సంఘ సభ్యులు పలువురు బాతుల పెంపకమునకై అప్పు కోరుచు దరఖాస్తులు పెట్టుచున్నారు. ఆ దరఖాస్తులలోను, పిల్లలను అమ్ము హాచరీలవారి బిల్లులలోను, పశుసంవర్ధకశాఖవారి కరపత్రములలోను కనబడు మాటలు కొన్ని అమ్మువాని కొక అర్థమును, కొనువానికి వేఱొక అర్థమును ఇచ్చుచున్నవి. మాట తెలియక సంతకము చేసినవాడు డబ్బు పోగొట్టుకొనును. మేమును అట్లు పోగొట్టుకొన్నవారమే గావున ఆ సంగతితోనే ఈ పాఠమును మొదలు పెట్టుదుము.

కొన్నేండ్ల క్రిందట దాళ్వా కోతలైన వెనుక, మా ఊరి చెఱువు గట్టున దిగిన యొక మంద నుండి మేము 120 పెట్టలను కొంటిమి. అమ్మినవాడు "ఇవి గుడ్ల బాతులు" అని చెప్పి, తెల్లవాఱగనే దొడ్డిలో గుడ్లను ఏరి గంపలో పోసి చూపెను. అందు అబద్ధ మేమియు లేదు. మా దొడ్డికి తోలుకొని వచ్చిన మఱునాడు 70 గుడ్లు వచ్చినవి. నాలుగవనాటికి ముప్పదియైనవి. రెండు వారములు గడచునప్పటికి ఒక్కటియు లేదు. దొడ్డి నిండ ఈకలు మాత్రము గాలికి ఎగురుచుండెను. ఏదో తెగులు తగిలినదని భయపడి మందులు కొని నీళ్లలో కలిపితిమి. తుదకు దారిన పోవుచున్న ముసలి కాపరి యొకడు దడి మీదుగా తొంగి చూచి, "జబ్బు కాదండీ, ఈకలు మారుస్తున్నాయి. రెండు మూడు నెలలు గుడ్ల మాట తలపెట్టకండి" అని చెప్పి తన దారిని తాను పోయెను.

ఆ రెండున్నర నెలలలో బాతొకటికి దినమునకు 120 గ్రాముల చొప్పున దాణా పెట్టితిమి. లెక్క కట్టి చూడుడు: దినమునకు 14 కిలోల 400 గ్రాములు, 75 దినములకు 1,080 కిలోలు. అనగా పదునొకండు క్వింటాళ్లకు కొంచెము తక్కువ. గుడ్డు లేక, అమ్మకము లేక, ఇంత దాణా పోయినది. "గుడ్ల బాతు" అను మాటకును, "ఇప్పుడు గుడ్లు పెట్టుచున్న బాతు" అను మాటకును, "ఇకముందు గుడ్లు పెట్టబోవు బాతు" అను మాటకును గల భేదము మా కంత ఖరీదైన పిమ్మట గాని తెలియలేదు.

పక్షి పేరు, లింగము, వయస్సు

తెలుగున బాతు అనగా మగదియు ఆడదియు రెండును అగును. ఇంగ్లీషు కాగితములలో డక్ అను మాటకు రెండర్థములు కలవు: జాతికంతకు అదియే పేరు, పెట్టకును అదియే పేరు. మగబాతును డ్రేక్ అనియు, పిల్లను డక్లింగ్ అనియు అందురు. కావున బిల్లులో "వంద డక్స్" అని యున్నంత మాత్రమున వందయు పెట్టలే యని నమ్మరాదు. "స్ట్రెయిట్ రన్" అని యున్నచో లింగము చూడకయే లెక్కపెట్టి యిచ్చిన పిల్లలని అర్థము. అందు సుమారు సగము మగవి యుండును. గుడ్ల కొఱకు పెంచువాడు అట్టి పిల్లలను పెట్టల ధరకు కొన్నచో సగము సొమ్ము మొదటి దినముననే పోయినదన్నమాట. లింగము చూచి వేఱుచేసిన పిల్లలను "సెక్స్‌డ్" పిల్లలందురు. దినము వయస్సు గల పిల్లలకు గుదము నొత్తి చూచి లింగము తెలిసికొందురు. అది నేర్పరులు చేయవలసిన పని. తెలియనివాడు ఒత్తినచో పిల్ల చచ్చును.

ఆఱేడు వారములు గడచిన తర్వాత లింగమును తెలిసికొనుటకు చూపు కంటె చెవి మేలు. పెట్ట గొంతెత్తి బిగ్గఱగా అఱచును. మగబాతు గొంతు బొంగురుపోయినవాని వలె బుసబుసలాడును. పెరిగిన మగబాతునకు తోకపై మెలితిరిగిన ఈకలు రెండు మూడు పైకి లేచి యుండును. సంతలో అందఱును చూచునది ఆ మెలియే. కాని ఈకలు మార్చు కాలమున ఆ మెలి రాలిపోవును. రంగు గల జాతులలో మగదాని మెఱుగు కూడ పోయి అది అచ్చముగా పెట్ట వలె కనబడును. అట్టి సమయమున మెలి లేదని మగబాతును పెట్టగా కొన్నవారిని మేమెఱుగుదుము. పట్టుకొని ఎత్తి అఱపించి చూచినచో ఆ మోసము జరుగదు.

వయస్సును బట్టి వాడు మాటలు మూడు. ఎనిమిది వారముల లోపు పిల్లలు. అక్కడినుండి గుడ్డు పెట్టువఱకు ఎదుగు బాతులు, వీనినే గ్రోయర్లందురు. ఆ పిమ్మట లేయర్లు. దాణా బస్తాలపై నుండు స్టార్టర్, గ్రోయర్, లేయర్ అను మాటలు ఈ దశలకు సంబంధించినవే. "పాయింట్ ఆఫ్ లే" అని ఇంకొక మాట యున్నది. నేడో రేపో గుడ్డు మొదలు పెట్టగల ఎదిగిన పెట్టయని దాని అర్థము. గుడ్లు పెట్టుచున్న పెట్టయని కాదు. ఖాకీ కాంబెల్ జాతికి ఇది సుమారు ఐదవ నెల. మన నాటు బాతులకు ఇంకను ఆలస్యమగును.

జాతి పేర్లు

పేరు చూచి స్థలమును ఊహింపరాదు. ఇండియన్ రన్నర్ అను బాతు పేరునకే ఇండియాది. దాని పుట్టిల్లు జావా మొదలగు తూర్పు దీవులు. సీసా నిలువబెట్టినట్లు నిటారుగా నిలిచి, ఇతర బాతుల వలె బొద్దుగా నడువక పరుగెత్తును గావున రన్నర్ అనిరి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైరున అడేల్ కాంబెల్ అను నామె ఈ రన్నరును రువాన్ బాతుతోను అడవి మల్లార్డుతోను కలిపి తీసిన జాతిని 1898లో లోకమునకు చూపెను. అదియే ఖాకీ కాంబెల్. రంగును బట్టి ఖాకీ, ఆమె ఇంటిపేరును బట్టి కాంబెల్. మంచి మేపున్నచో ఏడాదికి 300 గుడ్ల వఱకు పెట్టగల జాతి యిది. ఆ "మంచి మేపున్నచో" అను షరతును అమ్మువారు మెల్లగా చెప్పుదురు, మూడు వందలు అను అంకెను గట్టిగా చెప్పుదురు. చేలవెంట తిరిగి దొరికినది తిను మందనుండి ఆ లెక్క నాశించి అప్పు వాయిదాలు కట్టుకొనువాడు మొదటి ఏటనే బాకీ పడును.

తెల్లని పెకిన్ చైనా జాతి, మాంసమునకు ప్రసిద్ధి. మన దేశపు నాటు బాతులకును ఆయా సీమలలో పేర్లున్నవి: కేరళలోని కుట్టనాడున చార, చెంబల్లి, అస్సామున పాతి.

మస్కవీ యను దానిని గూర్చి మాత్రము కొంచెము నిలిచి చెప్పవలయును. తక్కిన పెంపుడు బాతులన్నియు మల్లార్డు అను అడవి బాతు సంతతి. మస్కవీ అట్టిది కాదు; దక్షిణ, మధ్య అమెరికా ఖండముల పక్షి. ముఖమున ఎఱ్ఱని కండపొక్కులుండును, మగది పెట్టకు దాదాపు రెట్టింపుండును, తోకకు మెలి యుండదు, గొంతెత్తి అఱవదు. దీనిని మామూలు బాతుతో కలిపినచో పుట్టు సంకరమును మ్యూల్ బాతు అందురు. కంచరగాడిద వలెనే దీనికిని సంతానము లేదు. మాంసమునకు చక్కగా పెరుగును; కాని మందను వృద్ధి చేసికొనవలెనని దీనిని కొన్నవాడు మోసపోవును. చూచుటకు నిగనిగలాడుచు బలముగా నుండు పక్షి గావున కొనువానికి ఆశ సహజము.

గుడ్ల లెక్కలో రెండు శాతములు

అప్పు దరఖాస్తులలో "డెబ్బది శాతము గుడ్లు" అని వ్రాయుచున్నారు. దేనిపై డెబ్బది? ఒక సభ్యుడు మొదట 200 పెట్టలు కొనెననుకొందము. ఏడాదిలో 40 చచ్చినవి, మిగిలినవి 160. నేడు వచ్చిన గుడ్లు 112. నేడు బ్రతికియున్న 160పై లెక్కించిన 70 శాతము. దీనిని హెన్-డే లెక్క యందురు. మొదట కొన్న 200పై లెక్కించిన 56 శాతమే. దీనిని హెన్-హౌస్డ్ లెక్క యందురు. రెండును సత్యములే. ఈనాటి మంద ఆరోగ్యము తెలిసికొనుటకు మొదటిది పనికివచ్చును. మనము పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చునో రాదో తెలిసికొనుటకు రెండవదియే కావలయును. ఏలయన అప్పు 200 పక్షులపై తెచ్చినదే గాని 160పై కాదు. చచ్చిన బాతు గుడ్డు పెట్టదు, కాని దాని వడ్డీ పెరుగుచునే యుండును.

పొదిగించు చోటను ఇట్టిదే యొక చిక్కు. నూఱు గుడ్లు మెషీనులో పెట్టిరి. ఏడవనాడు దీపమునకు అడ్డుపెట్టి చూడగా 85 గుడ్లలో జీవమున్నది. కడపట 68 పిల్లలు వచ్చినవి. జీవమున్న 85పై లెక్కించినచో 80 శాతము. పెట్టిన నూఱింటిపై లెక్కించినచో 68 శాతము. హాచరీవారు "హాచబిలిటీ ఎనుబది శాతము" అన్నప్పుడు, ఏ గుడ్లపైనని అడుగుడు. గుడ్లు మనవి, కూలి వారిది అయినచో ఈ ప్రశ్న మఱింత ముఖ్యము. జీవముగల గుడ్ల పాలును ఫర్టిలిటీ యందురు; అది హాచరీ చేతిలోనిది కాదు, మన మందలోని మగబాతుల చేతిలోనిది. ఆఱేడు పెట్టల కొక మగబాతు చొప్పున ఉంచుట వాడుక. గుడ్లను తినుటకే అమ్మువానికి మగబాతే అక్కఱలేదు. మగది లేకున్నను పెట్ట గుడ్లు పెట్టును. దాణా తినుచు ఊరక తిరుగు మగబాతులను మందలో నిండుగా ఉంచుకొని లాభము లేదని వాపోవువారిని చూచి మాకు నవ్వు వచ్చును.

దీపమునకు అడ్డుపెట్టి చూచుటను క్యాండ్లింగ్ అందురు. చీకటి గదిలో చూడగా సాలెపురుగు కాళ్లవంటి సన్నని ఎఱ్ఱ నరములు కనబడిన జీవమున్నది. గుడ్డంతయు తేటగా నున్న బీజము లేదు. ఎఱ్ఱని ఉంగరము వంటి గీత మాత్రమే కనబడిన లోపలిది చచ్చినది. చచ్చిన గుడ్లను వెంటనే తీసివేయవలెను. మురిగిన గుడ్డు లోపల పగిలినచో తక్కిన వానికిని చెఱుపు చేయును.

మఱియొక సంగతి: బాతులు దాదాపు తమ గుడ్లన్నియు తెల్లవాఱుజామునుండి ఉదయము తొమ్మిది గంటల లోపల పెట్టివేయును. అంతవఱకు దొడ్డి తలుపు తీయరాదు. తెలతెలవాఱగనే చేలలోనికి వదలినవారి గుడ్లు గట్లమీదను కాలువలలోను పోవును. గుడ్ల శాతము తగ్గినదని మా వద్దకు వచ్చిన యొక సభ్యునికి మేము చెప్పిన మందు ఇది యొక్కటియే.

పొదుగుట, కాచుట

ఇంక్యుబేషన్, బ్రూడీ, బ్రూడింగ్ అను మూడు మాటలను కలగాపులగము చేయుట కలదు. గుడ్డును వెచ్చగా నుంచి పిల్లను తీయుట ఇంక్యుబేషన్. అదియే మన పొదుగుట. గుడ్లపై కూర్చుండు కోరిక గల పెట్టను బ్రూడీ యందురు. మన వాడుకలో పొదుగుకోడి యన్నట్లు. పుట్టిన పిల్లలకు తల్లి రెక్కల వెచ్చదనమునకు బదులు దీపము వెచ్చదనమిచ్చి కాచుట బ్రూడింగ్. ఖాకీ కాంబెల్ బాతు గుడ్లపై కూర్చుండుట అరుదు గనుక మనవారు బాతు గుడ్లను కోడి క్రింద పెట్టుదురు. కోడిగుడ్డునకు 21 దినములు, బాతు గుడ్డునకు 28, మస్కవీకి 35. కోడి మూడు వారములకు లేచిపోవుటకు చూచును. తక్కిన వారము దానిని బుజ్జగించి కూర్చుండబెట్టవలెను.

బ్రూడింగున మొదటి వారము 29 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యుంచి, వారమునకు సుమారు మూడేసి డిగ్రీలు తగ్గించుచు పోవలెను. వేసవిలో పది దినములు చాలును, చలికాలమున మూడు నాలుగు వారములు పట్టును. థర్మామీటరు లేదని చింతింప పనిలేదు. పిల్లలు దీపము క్రింద గుంపుగూడి ఒకదానిపై నొకటి ఎక్కిన చలి. నోళ్లు తెఱచి దీపమునకు దూరముగా పోయిన వేడి. చాపపై చెదరి పండుకొనిన సరిగా నున్నట్లు.

బాతుపిల్ల నీటి పక్షి గదా యని తల్లిలేని నూగుపిల్లలను కుంటలో వదలువారున్నారు. నూగు తడిసినచో చలికి కొయ్యబాఱి చచ్చును. ఈకలు పూర్తిగా వచ్చువఱకు వానికి త్రాగు నీరే గాని ఈత నీరు వలదు. ఆ త్రాగు నీరు మాత్రము ముక్కు మునుగునంత లోతుండవలెను. బాతు ముక్కును, కండ్లను నీటిలో ముంచి కడుగుకొనును. పెద్ద బాతులకును ఈత తప్పనిసరి కాదు, ముక్కు మునుగు నీరు తప్పనిసరి. చెఱువు లేని మెట్ట గ్రామములవారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఈకలు మార్చుట, ఏరివేయుట

ఈకలు మార్చుటను మోల్టింగ్ అందురు. ఇది జబ్బు కాదు. పక్షి తన పాత ఈకను విడిచి క్రొత్త ఈకను తొడుగుకొనుట. క్రొత్త ఈకకు కావలసిన సారమంతయు దానికే పోవును గనుక గుడ్డు నిలిచిపోవును. ఏడాది కొకమారు సహజముగా వచ్చునది యొకటి. చోటు మారినను, మేత హఠాత్తుగా మారినను, కుక్కలు తఱిమి బెదరినను అకాలమున వచ్చునది మఱియొకటి. మా 120 బాతులకు రెండును కలిసి వచ్చినవి. పరిగె మేతలో నుండు మందను హఠాత్తుగా మూసిన దొడ్డిలో పెట్టి, తవుడు నూకలకు మార్చితిమి. కాలము కూడ దానికి తోడైనది.

కొనునాడు దీనిని కనిపెట్టుటకు రెండు పరీక్షలున్నవి. మొదటిది, రెక్క విప్పి చూచుట. బాతు రెక్కలోని పెద్ద ఈకలన్నియు ఇంచుమించు ఒక్కసారిగా రాలి ఒక్కసారిగా మొలచును. గొట్టములవంటి పొట్టి క్రొత్త మొలకలు కనబడిన ఆ పక్షి మార్పులో నున్నది. రెక్క ఈకలు పాతబడి అంచులు అరిగి యున్నచో మార్పు ముందున్నది. నిండుగా, క్రొత్తగా, మెఱయుచున్నచో మార్పు గడచినది. అట్టి పెట్టను ధర కొంచెము హెచ్చైనను కొనవచ్చును. రెండవది, గుదము క్రింద నుండు రెండు సన్నని ఎముకల నడుమ వ్రేళ్లు పెట్టి చూచుట. గుడ్లు పెట్టు పెట్టకు రెండు మూడు వ్రేళ్లు పట్టును, గుదము వెడల్పుగా, తడిగా ఉండును. గుడ్డు నిలిచిన దానికి ఒక వ్రేలు పట్టుట కష్టము. మేము ఆనాడు గంపలోని గుడ్లను చూచితిమే గాని రెక్క విప్పి చూడలేదు.

పనికిరాని పక్షులను ఏరి అమ్మివేయుట కల్లింగ్. మొదటి రెండు మూడేండ్లు గడచిన పెట్టలను, కుంటివానిని, ఎముకలు ముడుచుకొనిపోయినవానిని ఏరుట యజమాని ఇష్టము. కాని ఈ మాటకే ప్రభుత్వ ఉత్తరువులలో వేఱొక భయంకరమైన అర్థ మున్నది. బర్డ్ ఫ్లూ నిర్ధారణయైన చోట చుట్టును కిలోమీటరు మేర పక్షులన్నింటిని చంపి పూడ్చుటకును కల్లింగ్ అనియే పేరు. 2014లో కేరళలోని ఆలప్పుళ ప్రాంతమున బాతులకు ఈ గతి పట్టినది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలో కోళ్లకు పట్టినది. బాతు ఈ తెగులును పైకి కనబడకుండ మోసికొని తిరుగగలదు. కోళ్లను, బాతులను ఒకే దొడ్డిలో పెంచరాదని చెప్పుట ఇందుకే. ఒక్కసారిగా పక్షులు చచ్చినచో దాచి అమ్ముకొనక పశువైద్యునికి తెలుపవలెను. ప్రభుత్వమువారు చంపించిన పక్షులకు నష్టపరిహారమున్నది. దాచినవాని వలన చెడు ఊరికి మాత్రము పరిహారము లేదు.

తెగుళ్ల పేర్లలో కొన్ని

డక్ ప్లేగు అనగా బాతులకు, పెద్దబాతులకు వచ్చు వైరస్ తెగులు. మనుష్యుల ప్లేగుతో దీనికి సంబంధము లేదు. 1923లో హాలండున మొదట గుర్తించిరి. దీనికి టీకా కలదు; ఎనిమిది నుండి పన్నెండు వారముల వయస్సున వేయింతురు. డక్ కలరా కూడ మనుష్యుల కలరా కాదు. అది బాక్టీరియా తెగులు, దానికి వేఱు టీకా. ఒక టీకా వేయించి రెండవదానికి కూడ చాలునని అనుకొనుట పొరపాటు.

మెడ వాల్చి, కాళ్లు చచ్చుబడి కూలిపోవు తెగులును లింబర్‌నెక్ అందురు. ఇది అంటువ్యాధి కాదు, విషము. ఎండిపోవు కుంటలలో కుళ్లిన చేపలను, చచ్చిన పక్షులను, వాని పురుగులను తిన్న బాతులకు వచ్చును. అట్టి కుంటనుండి మందను వెంటనే మఱలించుటయే మొదటి చికిత్స.

ఇక అఫ్లటాక్సిన్. ఈ మాట ఒక్కటి మన సభ్యులు నోట పట్టవలసియున్నది. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చినవి, బాతుపిల్లలును చచ్చినవి. విచారింపగా వానికి పెట్టిన దాణాలోని వేరుసెనగ చెక్కకు పట్టిన బూజు ఒక విషమును పుట్టించినదని తేలెను. అదియే అఫ్లటాక్సిన్. పెంపుడు పక్షులలో దీనికి అన్నింటికంటె త్వరగా లొంగునది బాతుపిల్ల. కోడి తిని ఓర్చుకొను పాటి విషము బాతుపిల్ల కాలేయమును పాడు చేసి చంపును. వేరుసెనగ చెక్క, మొక్కజొన్న మన దొడ్లలో చౌకగా దొరకు వస్తువులు. వానలో తడిసినవి ఇంకను చౌక. "ఎండబెట్టితిమి, ఉడికించితిమి, బూజు దులిపితిమి, ఇక భయమేమి?" అని అడుగుదురు. బూజు పోవచ్చును, విషము పోదు. ఎండకును ఉడుకునకును అది చెక్కు చెదరదు. కోళ్లకు పనికివచ్చినదను కారణమున ఒక బస్తాను బాతుపిల్లలకు పెట్టరాదు. పిల్లల దాణాలో వేరుసెనగ చెక్కను మానివేసి వేఱొక చెక్కను గాని, ఎండుచేపల పొడిని గాని వాడుట మేలు, మేమట్లే చేయుచున్నాము.

పొలమున గుళికల మందు చల్లిన రైతులు ఆ సంగతిని మంద కాపరులకు చెప్పవలెను. గుళికను గింజ యనుకొని బాతు మ్రింగును. గట్టున ఒక కఱ్ఱకు గుడ్డ కట్టి నిలిపినచో, పొరుగూరి కాపరికిని అర్థమగును. పరిగె మేపునకు వచ్చిన మంద మన చేనికి ఎరువు వేసి పోవుచున్నది. దానికి ఈ మాత్రము మర్యాద చేయవచ్చును.

పెద్దబాతు

గూస్ అనునది మన పెద్దబాతు. ఇందును పెట్టకే గూస్, మగదానికి గాండర్, పిల్లకు గాస్లింగ్ అని పేర్లు. ఐరోపా పెద్దబాతులు బూడిదరంగు అడవి బాతు సంతతి. చైనా పెద్దబాతులు హంసమెడ గల వేఱొక అడవి జాతి సంతతి. ముక్కు మొదట బుడిపె యుండునది ఈ రెండవ తెగ. మగదాని బుడిపె పెద్దది. తక్కిన తెగలలో మగ ఆడ భేదము చూపునకు తెలియుట కష్టము.

చిన్నబాతును గుడ్ల కొఱకు పెంచునట్లు దీనిని పెంచరాదు. ఏడాదికి ముప్పది నలువది గుడ్లు, అవియు ఋతువులోనే. మూడు నుండి ఐదు పెట్టల కొక మగది. పొదుగుటకు సుమారు ముప్పది దినములు. దీని మేలు వేఱొక చోట నున్నది. ఇది పశువు వలె గడ్డి మేయును, దాణా ఖర్చు స్వల్పము. రాత్రివేళ క్రొత్త మనిషి అడుగు వినబడినచో ఊరు లేపును. కొబ్బరితోటలకు, మామిడితోటలకు తగిన పక్షి. అమెరికాలో ప్రత్తి చేలలో కలుపు తీయుటకు దీనిని వాడియున్నారు. అది విని మనవారెవరైన వరిచేలో వదలెదరేమో! వరియు గడ్డిజాతియే, పెద్దబాతు దానిని విడువదు. జపానులో నాటిన వరిచేలలో వదలి కలుపును, పురుగును తినిపించునవి ఐగామో అను బాతుపిల్లలు. అడవి బాతును పెంపుడు బాతును కలిపి తీసినవి. వానిని కూడ వెన్ను రాగానే చేనినుండి తీసివేయుదురు.

కొనుగోలు కాగితము

మన సంఘ సభ్యులు బాతులను కొనునపుడు అమ్మువానిచే ఒక చిన్న కాగితముపై ఈ క్రింది సంగతులు వ్రాయించుకొనవలెనని మేము కోరుచున్నాము. జాతి యేది; పెట్టలెన్ని, మగవెన్ని; పుట్టిన నెల యేది; గుడ్డు మొదలుపెట్టినవా లేదా; కడపట ఈకలు మార్చిన దెప్పుడు; డక్ ప్లేగు, డక్ కలరా టీకాలు వేయించిన తేదీలు; ఇంతవఱకు తిన్న మేత యేమి. కడపటి ప్రశ్న చిన్నదిగా తోచును, కాని మా మందను చెఱచినది అదియే. తెచ్చిన మొదటి వారము పాత మేతనే ఎక్కువగా పెట్టి, దినదినము కొంచెము కొంచెముగా మన మేతను కలుపుచు పోవలెను. అమ్మువాడు వ్రాయుటకు ఇష్టపడనిచో, ధర కుదుర్చుకొనుటకు ముందు మందలో నుండి పది పెట్టలను మన చేతులతో మనమే పట్టి, వాని రెక్కలు విప్పి, ఎముకలు తడవి చూడవలెను. అమ్మువాడు పట్టి యిచ్చిన పదింటిని కాదు.